జడలు కట్టిన జుట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం గురించి ఉన్నాయి. మూడిళ్ల పరిస్థితులూ వేరు కనుక ఎవరి జవాబు వారికే రాస్తున్నాను. మొదటి ఉత్తరం రాసిన అబ్బాయి జుట్టును ఉంచుకోవాలనుకుంటున్నాడు. ఉంచుకోవడానికి పని ఎక్కువ కాబట్టి ఆ జవాబే పొడుగుగా వచ్చింది.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక యువకుడు): నా వయసు 26. రెండున్నరేళ్లుగా జుట్టు కత్తిరించలేదు, ఏడాదిన్నరగా దువ్వలేదు. ఎవరిచేతా చేయించుకోకుండానే జడలు కట్టింది. ముందువైపు పాయలు వేలి లావున విడివిడిగా ఉన్నాయి కానీ మెడ వెనుక నాలుగైదు పాయలు కుదుళ్ల దగ్గర కలిసిపోయి అరచేతి వెడల్పున అట్టలా తయారయ్యాయి. వాటిని విడదీయవచ్చా? ఇక్కడి ఉక్కకు తలస్నానం చేస్తే సాయంత్రానికి కూడా ఆరడం లేదు, ముక్క వాసన వస్తోంది. మా అమ్మ వచ్చే చైత్రంలో తారాతారిణి కొండకు తీసుకెళ్లి తలనీలాలు ఇప్పిస్తానంటోంది. స్నేహితులేమో మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో శివుడి వేషం కట్టమంటున్నారు. నాకు ఈ జుట్టు తీయించుకోవాలని లేదు. ఎలా కాపాడుకోవాలి?

జవాబు: విడదీయవచ్చు. అయితే ఎంతవరకు విడదీయాలో, ఎక్కడ ఆపాలో తెలియాలంటే జుట్టు ఎందుకు జడలు కడుతుందో ముందు తెలుసుకోవాలి. ప్రతి వెంట్రుక మీదా చేప పొలుసుల వంటి సన్నని పొర ఉంటుంది, ఆ పొలుసుల అంచులన్నీ వెంట్రుక కొస వైపుకే తిరిగి ఉంటాయి. తడి, రాపిడి కలిసినప్పుడు ఒక వెంట్రుక పొలుసులు పక్క వెంట్రుకను పట్టుకుని వదలవు. గొర్రె ఉన్నిని తడిపి మర్దిస్తే దళసరిగా బిగుసుకుపోయేది కూడా ఈ గుణం వల్లనే. దీనికి తోడు, మనిషి తల మీద ఉండే సుమారు లక్ష వెంట్రుకలలో రోజుకు 50 నుంచి 100 వరకు రాలిపోవడం సహజం. దువ్వే తలలో అవి దువ్వెనకు వచ్చేస్తాయి, దువ్వని తలలో రాలిన వెంట్రుక కింద పడకుండా పాయలోనే చిక్కుకుని దానిని తాడులా బిగిస్తుంది. ఇక కుదుళ్ల నుంచి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు వస్తూనే ఉంటుంది. ఆ కొత్త సెంటీమీటరు ఏ పాయలో చేరాలో ఇంకా తేలని జుట్టు. మీరు ప్రతి వారమూ చూసుకోవలసినది దానినే. చూడకుండా వదిలేస్తే అటు పాయకూ ఇటు పాయకూ మధ్య వంతెన కడుతుంది, కొన్ని నెలలలో ఆ వంతెనే మీరు చెప్పిన అట్ట అవుతుంది.

విడదీసే పనికి తలస్నానం చేసిన తర్వాత, కుదుళ్ల దగ్గర ఇంకా కాస్త చెమ్మ ఉన్న సమయం అనువైనది. పక్కపక్కనున్న రెండు పాయలను మాడుకు దగ్గరగా చెరొక చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఎడంగా జరపాలి. ఊడిపోయి మధ్యలో చిక్కుకున్న వెంట్రుకలు జారి వచ్చేస్తాయి, కుదురు ఉన్న వెంట్రుకలు తమ పాయ వైపుకు సర్దుకుంటాయి. మాడు చర్మం గుడారంలా పైకి లేచేటంతగా లాగకూడదు, నొప్పి పుడితే అక్కడ ఆపి మరో వారం చూడాలి. ఎంతకీ వదలని నాలుగు వెంట్రుకలుంటే వేలితో తడిమి వాటి కుదురు ఎటువైపు ఉందో చూసి, రెండో వైపున చిన్న కత్తెరతో తెంచవచ్చు. వారానికి పావుగంట ఈ పనికి కేటాయిస్తే ముందువైపు పాయలు ఇప్పుడున్నట్టే ఉంటాయి.

మెడ వెనుక అట్ట సంగతి వేరు. కుదుళ్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్ల మేరకే కలిసి ఉంటే అది రెండు మూడు నెలల నాటి కలయిక కాబట్టి, పైన చెప్పిన పద్ధతిలోనే నాలుగైదు వారాలలో విడిపోతుంది. అంతకంటే పొడవునా కలిసి ఉంటే చేత్తో రాదు, కత్తెరతో నిలువుగా చీల్చవలసిందే. అలా చీల్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు: అన్నీ సన్నగా, అందంగా ఉండాలని ఒక అట్టను ఐదారు ముక్కలుగా విడగొడతారు. పాయ బరువునంతా మోసేవి దాని అడుగున మాడులో నాటుకుని ఉన్న వెంట్రుకలే. పాయ లావుగా ఉండి అడుగు సన్నబడితే, తడిసి బరువెక్కిన రోజున కుదుళ్లు సాగి కొన్ని నెలలకు అక్కడ జుట్టు పలచబడుతుంది, ఒక్కోసారి పాయ మొత్తం తెగి చేతికి వస్తుంది. అరచేతి వెడల్పు అట్టను రెండు పాయలుగా, మహా అయితే మూడుగా చేయండి, అంతకు మించి వద్దు. ముందుగా మాడు మీద ఏ కుదుళ్లు ఏ పాయకు చెందాలో వేలితో దారి తీసి చూసుకున్న తర్వాతే కత్తెర పట్టాలి. మీ చేయి మెడ వెనుకకు సరిగా అందదు కనుక ఇంట్లో నిదానం ఉన్నవారి సాయం తీసుకోండి. చీల్చిన అంచులు కొన్ని నెలలు పీచుపీచుగా కనిపించి తర్వాత వాటంతట అవే గుండ్రబడతాయి. తొందరపడి కొక్కెం సూదితో వాటిని లోపలికి దోపడం, కుదుళ్లను ప్రతి వారమూ మెలిపెట్టడం, మైనం పూయడం మంచిది కాదు. సూది వెంట్రుకలను తెంపుతుంది, మెలి కుదురును బలహీనపరుస్తుంది, మైనం ఒకసారి లోపలికి చేరితే వేడినీటికి కూడా పూర్తిగా రాదు.

జడలు కట్టిన తలను కడగకూడదనే మాట తప్పు. వారానికి ఒకసారి, చెమట ఎక్కువ పట్టే నెలలలో రెండుసార్లు తలస్నానం చేయాలి. కుంకుడుకాయ, శీకాయ రెండూ పనికివస్తాయి. అయితే విడి జుట్టున్నవారిలా పిప్పితోనూ పొడితోనూ రుద్దుకుంటే ఆ నలుసులు పాయల లోపలే ఉండిపోతాయి. అందుకని కాచిన రసాన్ని పలుచని బట్టలో రెండుసార్లు వడపోసి వాడుకోండి. మందారాకు ముద్ద, గుడ్డుసొన, పెరుగు వంటివి ఈ జుట్టుకు వద్దు. షాంపూ అయితే కండిషనర్ కలపనిది తీసుకోవాలి, ఎందుకంటే జుట్టును జారేటట్టు చేసే పదార్థం పాయలను వదులు చేస్తుంది, లోపల మిగిలిపోయి మురికినీ పట్టిస్తుంది. ఒంటి సబ్బు అసలు పనికిరాదు. బోరు నీరు ఉప్పగా ఉండే ఇళ్లలో సబ్బు తెల్లని తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటుంది. పాయల మధ్య సందులలోకి వేళ్లు పోనిచ్చి మాడును మాత్రమే రుద్దండి. పాయలకు కిందికి జారే నురుగు చాలు. పిండినప్పుడు వచ్చే నీరు తేటగా ఉండేవరకు కడగాలి. గోపాలపురం సముద్రంలో మునిగి వచ్చిన రోజున ఉప్పు పోయేవరకు మంచినీటితో కడగడం మరువకండి.

మీ అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని తన లోపలికే పీల్చుకుంటుంది, వెంట్రుకల మధ్య ఖాళీలలో నిలిచే నీరు అదనం. సముద్రపు గాలి తేమకు బరంపురంలో బట్టలే ఆలస్యంగా ఆరే రోజులుంటాయి కదా, అరచేతి వెడల్పు అట్ట నడిమి ఆరకపోవడంలో వింత లేదు. ఆ చెమ్మలో బూజు, సూక్ష్మజీవులు పెరగడం వల్లే మీకు ముక్క వాసన వస్తోంది. తలస్నానాన్ని ఉదయానికి మార్చుకోండి, ఎండ ఉన్న రోజును ఎంచుకోండి. నూలు తువ్వాలుతో ఒక్కొక్క పాయనూ పై నుంచి కిందికి గట్టిగా ఒత్తి పిండి, కట్టకుండా ఎండకూ గాలికీ వదిలేయండి. వానాకాలంలో ఫ్యాను ముందు కూర్చోవాలి, లేదా డ్రయ్యరును తక్కువ వేడిలో పెట్టి వాడాలి. పైకి పొడిగా ఉంటే ఆరిందనుకోవద్దు. పాయ నడిమి భాగాన్ని చెంపకు ఒత్తి పట్టుకుంటే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ చల్లదనం పోయేవరకు ముడి వేయడం, పడుకోవడం, హెల్మెట్ పెట్టుకోవడం కూడదు. ఇంట్లో పెద్దవారు సాంబ్రాణి పొగ వేయమంటారు. వాసనకు అది బాగానే ఉంటుంది కానీ పాయ లోపలి తడిని అది ఆర్చలేదు, పైగా నిప్పు కణిక మీదికి వేలాడే జడలు పట్టుకుంటే ఆర్పడం కష్టం. మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పటికే పట్టిన వాసనకు లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలిపి, మాడుకు తగలకుండా పాయలను పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. రెండు మూడు వారాలు ఇలా చేసినా వాసన పోకపోయినా, చీల్చినప్పుడు లోపల బూడిద రంగో నల్లని మచ్చలో కనిపించినా, ఆ భాగాన్ని కత్తిరించడం తప్ప మార్గం లేదు. మిగిలిన తలను కాపాడుకోవడానికి ఒక పాయను వదులుకోవడం నష్టం కాదు.

కొబ్బరినూనె మాడు పొడిబారినప్పుడు వేలి కొసతో కొద్దిగా రాసుకుంటే చాలు, పాయలకు పట్టిస్తే దుమ్ము, దూది పీచు అంటుకుంటాయి. రాత్రి పలుచని నూలు గుడ్డ వదులుగా చుట్టుకుని పడుకోండి. నడినెత్తిన బిగించి కొప్పు పెట్టే అలవాటు వద్దు. నుదుటి పక్కన, చెవుల పైన జుట్టు వెనక్కి పోతున్నా, కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు లేచినా బిగువు ఎక్కువైందని గ్రహించాలి. మోటారు సైకిలు నడిపేవారైతే పాయలను మెడ దగ్గర వదులుగా కట్టుకుని, తలకు సరిగా దిగే హెల్మెట్‌నే ఎంచుకోండి. జుట్టు మీద ఎత్తుగా నిలిచిన హెల్మెట్ పడినప్పుడు కాపాడదు.

ఇక అమ్మగారి మాట. చైత్ర మంగళవారాలలో ఋషికుల్య ఒడ్డున ఆ కొండకు పిల్లలను ఎత్తుకుని తలనీలాలకు వెళ్లే తల్లులలో ఆమె కూడా ఒకరై ఉంటారు. మీ విషయంలో ఆమె నిజంగా మొక్కుకున్నారా, లేక వాసనకూ నలుగురి మాటకూ జంకి అలా అంటున్నారా అన్నది అడిగి తెలుసుకోండి. ఆమెను కూర్చోబెట్టి, పాయల మధ్య మీ మాడు శుభ్రంగా ఉన్నదని చూపించండి, వెనుక అట్ట విడదీసే పనిలో ఆమె చేతినే సాయం అడగండి. 26 ఏళ్ల కొడుకు తల మీది జుట్టును అతని ఇష్టానికి విరుద్ధంగా తీయించడం సరికాదని ఈ శీర్షిక ద్వారా ఆమెకు కూడా వినయంగా మనవి చేస్తున్నాను. వేషం కట్టడం, మానడం మీ ఇష్టం. కడితే మాత్రం ఆ రంగులూ జిగురూ పాయలకు తగలనివ్వకండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు): మా మామ్మకు 68 ఏళ్లు. నిరుడు జ్వరంతో మూడు నెలలు మంచం మీద ఉంది. లేచేసరికి తల వెనుక జుట్టంతా ఒకటే ముద్దగా, రాయిలా గట్టిపడింది. ఇరుగుపొరుగు వారు అమ్మవారు జడల రూపంలో వెలిసిందని పసుపు, కుంకుమ పెడుతున్నారు. తీస్తే కళ్లు పోతాయని, ఇంటికి అరిష్టమని మామ్మ భయపడుతోంది. కానీ మెడనొప్పితో రాత్రులు నిద్రపోవడం లేదు, దురదకు గోళ్లతో గీరుకుంటోంది. ఆమె మనసు నొప్పించకుండా ఏం చేయగలం?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన వాక్యమే ఈ పనికి సరైన మొదలు. మామ్మగారికి వచ్చినదానిని వైద్యులు ప్లైకా న్యూరోపతికా అంటారు. జ్వరంలో నెలల తరబడి ఒకే వైపు తల ఆనించి పడుకోవడం, చెమట, దిండు రాపిడి, దువ్వేవారు లేకపోవడం దీనికి చాలు. ఇది మన ప్రాంతానికే వచ్చినదీ కాదు. ఐరోపాలో పోలండు దేశంలో ఇటువంటి జడలు ఎంతగా కనిపించేవంటే దీనికి ప్లైకా పొలోనికా అని ఆ దేశం పేరే పెట్టారు. అక్కడివారు కూడా కత్తిరిస్తే చూపు పోతుందనీ పిచ్చి పడుతుందనీ నమ్మేవారు. 19వ శతాబ్దంలో క్రాకో నగర వైద్యాచార్యుడు యూజెఫ్ డీట్ల్ ఆ నమ్మకం మీద గట్టిగా పోరాడాడు. కత్తిరించుకున్నవారి చూపు పోలేదు. మన దేశంలోనే మహారాష్ట్రలో, నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి కార్యకర్తలు ఇటువంటి జటలున్న స్త్రీలతో ఓపికగా మాట్లాడి, వారు ఒప్పుకున్న తర్వాతే తొలగిస్తూ వచ్చారు. ఒకప్పుడు ఆ రాష్ట్రానికీ కర్ణాటకకూ మధ్య ఉన్న జిల్లాలలో, తలలో జట కనిపించిన ఆడపిల్లను ఎల్లమ్మ దేవతకు దేవదాసిగా వదిలేసేవారు. జుట్టు చిక్కును దేవత ఆజ్ఞగా చదివితే ఎంత దూరం పోతుందో చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

మామ్మగారితో మాత్రం వాదన పెట్టుకోవద్దు. ఆమె నమ్మకంలో నుంచే దారి ఉంది. అడవికి బయలుదేరిన రాముడు గంగ ఒడ్డున మర్రిపాలతో జటలు కట్టుకున్నాడు, పద్నాలుగేళ్లు గడిచాక నందిగ్రామంలో ఆ జటలు తీయించుకుని స్నానం చేసిన తర్వాతే పట్టాభిషేకానికి కదిలాడు. జట కట్టడం ఎంత శాస్త్రమో, కాలం తీరాక తీయడమూ అంత శాస్త్రమే. అమ్మవారికి ఇవ్వదలచుకుంటే తలనీలాలుగా ఇవ్వవచ్చునని చెప్పండి. తారాతారిణికైనా, సింహాచలానికైనా తీసిన జుట్టును పసుపుగుడ్డలో కట్టి తీసుకువెళ్లవచ్చు. ఆమె పెద్దగా గౌరవించే అర్చకులు ఎవరైనా ఉంటే ఆ మాట వారి నోట చెప్పిస్తే ఇంకా మంచిది. పూర్తిగా గుండు అవసరం లేదని, రెండు వేళ్ల మందాన జుట్టు మిగులుతుందని కూడా చెప్పండి. స్త్రీలకు ఈ మాటతో సగం భయం తగ్గుతుంది.

ఏడాది నాటి గట్టి ముద్దను నూనె పోసి విప్పడానికి ప్రయత్నించి ఆమెను గంటల తరబడి బాధపెట్టకండి. పది పదిహేను రోజుల నాటిదైతే ఆ ఓపిక ఫలిస్తుంది, ఇంత పాతది విడదు. ముందుగా చర్మవైద్యుని చేత మాడు చూపించాలి. ముద్ద కింద పుండ్లు, చీము, పేలు, తామర ఉన్నాయేమో చూడవలసి ఉంటుంది, దురద ఉన్నదంటున్నారు కాబట్టి ఇది తప్పనిసరి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. కత్తిరించేవారు మాడుకూ ముద్దకూ మధ్య తమ వేళ్లు పెట్టి, ఆ వేళ్లకు పైన మొనలేని కత్తెరతో కొద్దికొద్దిగా కోయాలి. ముద్ద కింద చర్మం కనిపించదు కనుక మంగలికత్తి, బ్లేడు వాడకూడదు. కోస్తున్నంతసేపూ ముద్దను మరొకరు కింది నుంచి చేత్తో ఎత్తి పట్టుకుంటే మెడ మీద భారం పడదు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలి. సగం ఒకనాడు, సగం మరొకనాడు తీసినా తప్పులేదు.

ఒక్క మాట అడగాలనిపిస్తోంది. జ్వరం తగ్గి ఇన్ని నెలలైనా మామ్మగారు దువ్వెన ఎందుకు ముట్టలేదు? భుజం పట్టేసి చేయి పైకి లేవడం లేదా, మతిమరుపు మొదలైందా, లేక మనసు దిగులుపడి దేని మీదా శ్రద్ధ లేకుండా పోయిందా? జుట్టు తీసినా ఈ కారణం మిగిలిపోతే ఏడాదికల్లా ముద్ద మళ్లీ కడుతుంది. వైద్యునితో ఈ సంగతి కూడా చెప్పి, తర్వాత రోజూ ఆమె తల దువ్వే పని ఇంట్లో ఎవరో ఒకరు చేపట్టండి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక తల్లి): మా పాపకు ఎనిమిదేళ్లు. సెలవులకు ఊరు వెళ్లి వచ్చేసరికి తలనిండా పేలు, చెవుల వెనుక జుట్టు జడలు కట్టింది. దువ్వబోతే ఏడుస్తోంది. మా అత్తగారు కిరసనాయిలు రాయమంటున్నారు. రాయవచ్చా?

జవాబు: రాయవద్దు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గరకు వెళితే ప్రాణాపాయం. మందుల దుకాణంలో దొరికే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్‌ను కడిగి తుడిచిన తడి జుట్టుకు పట్టించి, పది నిమిషాల తర్వాత కడిగేయండి. ఈపుల నుంచి కొత్త పేలు వారం పది రోజులలో బయటికి వస్తాయి కనుక తొమ్మిదో రోజున మరొకసారి రాయాలి. ఇంట్లో మిగిలినవారి తలలు కూడా అదే రోజున చూడండి.

జడలు కట్టిన చోట, మందు కడిగిన రెండు రోజుల తర్వాత కొబ్బరినూనె గానీ కండిషనర్ గానీ ధారాళంగా పట్టించి అరగంట వదిలేయండి. పాప జుట్టు కాపాడుకునే జటలు కావు కనుక ఇక్కడ జారుడు మనకు మేలు చేస్తుంది. కుదురు వైపున చేత్తో పట్టుకుని, కొసల దగ్గర మొదలుపెట్టి వేళ్లతోనూ, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతోనూ కొంచెం కొంచెంగా పైకి రావాలి. కుదురు పట్టుకుంటే లాగుడు మాడుకు తెలియదు, పాప ఏడవదు. ఒక్కరోజులో పూర్తి చేయాలని పట్టుపట్టకండి. రెండు మూడు ముడులు మిగిలితే కత్తిరించడమే మేలు, అదైనా పాపకు అద్దం ఇచ్చి చూపించి, సరేనన్న తర్వాతే చేయండి. చిక్కు వదిలాక మూడు నాలుగు రోజులకు ఒకసారి తడి జుట్టును పేల దువ్వెనతో దువ్వి తెల్లగుడ్డ మీద దులిపి చూస్తూ ఉండండి. రెండోసారి మందు రాసిన తర్వాత కూడా బతికిన పేలు కనిపిస్తే అదే మందును మూడోసారి రాయకుండా డాక్టరుకు చూపించండి.